భూమి కింద ఉన్న ఖర్చు: మా 38 ఇళ్ల అనుభవం, మన గుడి లెక్క

(ఇటీవలి సర్వసభ్య సమావేశంలో మన సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం. మురుగునీటి నిధి ప్రతిపాదనపై ఓటింగ్ వచ్చే సమావేశంలో జరుగుతుంది. అంతకుముందు సభ్యులందరూ చదవాలని ఇక్కడ ప్రచురిస్తున్నాం.)



ఈ విషయం మీద మాట్లాడమని కార్యవర్గం వారు అడిగారని ఇంట్లో చెబితే మా ఆవిడ, "గుళ్లో నిలబడి మురుగు గురించి మాట్లాడతారా? కనీసం భోజనాల తర్వాత పెట్టించుకోండి" అంది. భోజనాల తర్వాత అయితే ఎవరూ ఉండరని నాకు తెలుసు. అందుకని ముందే పెట్టించుకున్నాను. క్షమించాలి.

నేను ఇంజనీర్ని కాదు. మా కమ్యూనిటీ హెచ్.ఓ.ఏ.కి ఏడేళ్లు కోశాధికారిగా పనిచేశాను. మా 38 ఇళ్లకు సిటీ సూవర్ లేదు, మా మురుగునీటిని మేమే శుద్ధి చేసుకోవాలి. ఆ ఏడేళ్లలో నేనొక పెద్ద పొరపాటు చేశాను. మన గుడి ఇప్పుడు అదే పొరపాటు చేసే చోట నిలబడి ఉంది. అందుకే ఒప్పుకున్నాను.

అసలు ఏం జరుగుతుంది?

అమెరికాలో ప్రతి అయిదు ఇళ్లలో ఒకటికి పైగా సొంత సెప్టిక్ మీదో, కొన్ని ఇళ్లు కలిసి నడుపుకునే చిన్న వ్యవస్థ మీదో ఆధారపడి ఉన్నాయని పర్యావరణ సంస్థ ఇ.పి.ఎ. చెబుతుంది. కాబట్టి ఇది మనకొక్కరికే వచ్చిన కష్టం కాదు. ఊరి బయట భూమి చవకగా దొరికిందని అక్కడ ఇళ్లు కట్టుకున్నవాళ్లం, గుడి కట్టుకున్నవాళ్లం అందరం ఈ లెక్కలోకే వస్తాం. సిటీలో మీట నొక్కితే నీళ్లు ఎక్కడికో పోతాయి. ఇక్కడ అలా కాదు. మనం వదిలిన ప్రతి చుక్కా మన స్థలంలోనే ఇంకాలి.

పద్ధతి సులువే. ఇంట్లోంచి వచ్చిన నీళ్లు ముందు ట్యాంకులోకి వెళ్తాయి. బరువైన మడ్డి అడుగున చేరుతుంది. నూనె, కొవ్వు పైన తెట్టు కడతాయి. మధ్యలో ఉన్న తేట నీరు మాత్రమే ముందుకు పోవాలి. మా దగ్గర ఆ తేట నీటిని ప్రతి ఇంటి దగ్గరున్న చిన్న పంపు సన్నటి పైపులో ఒక ఉమ్మడి ఫిల్టర్ దగ్గరికి పంపిస్తుంది. అది ఇసుక పరిచిన పెద్ద తొట్టి. ఇసుక రేణువుల మీద బతికే సూక్ష్మజీవులు మురికిని తినేస్తాయి. అక్కడి నుంచి నీళ్లు భూమిలో కొద్ది లోతున పరిచిన డ్రిప్ పైపుల ద్వారా నేలలో ఇంకుతాయి. మన రాయలసీమ రైతు బత్తాయి చెట్లకు పెట్టే డ్రిప్ లాంటిదే. మన ఊళ్లలో ఇంకుడు గుంతలు చూసినవాళ్లకు దీని సంగతి వేరే చెప్పక్కర్లేదు.

గుర్తుంచుకోవాల్సింది ఒకటే. మడ్డిని సమయానికి తీయించకపోతే అది తేట నీటితో కలిసి ముందుకు వెళ్లిపోతుంది. నేలలో ఉన్న సన్నటి రంధ్రాల మీద జిగురు పొర కడుతుంది. నార్త్ కరోలినా ఎర్ర బంకమట్టి అసలే నీళ్లు త్వరగా తాగదు. దానికి పొర కూడా కడితే ఇక నోరు మూసేసుకుంటుంది. ట్యాంకు పాడైతే కొత్త ట్యాంకు పెట్టుకోవచ్చు. నేల పాడైతే కొత్త నేల ఎక్కడి నుంచి తెస్తాం?

మా 38 ఇళ్ల లెక్క

మా వ్యవస్థ 2005లో కట్టారు. ఇళ్లన్నీ అమ్ముడయ్యేదాకా బిల్డరే నడిపించాడు. నెలకు ఇంటికి 45 డాలర్లు తీసుకునేవాడు. 2012లో హెచ్.ఓ.ఏ. చేతికి అప్పగించాడు. బిల్లులు మా పేరు మీద రావడం మొదలయ్యాక తెలిసింది, 45 డాలర్లు అసలు ఖర్చు కాదు, ఇళ్లు అమ్ముడుపోవడానికి పెట్టిన ధర అని. తక్కువపడ్డది ఆయన జేబులోంచి పెట్టేవాడు.

అసలు ఖర్చు ఇలా ఉంది. ఈ వ్యవస్థకు సర్టిఫికెట్ ఉన్న ఆపరేటర్‌ని పెట్టుకోవడం తప్పనిసరి. ఆయన కాంట్రాక్టు ఏడాదికి 14,400 డాలర్లు. కరెంటు 4,000. నీటి పరీక్షలు 2,400. ఏడాదికి ఎనిమిది ఇళ్ల చొప్పున ట్యాంకుల మడ్డి తీయించడానికి 3,600. చిల్లర రిపేర్లు 5,000. ఇన్సూరెన్స్, లెక్కలు రాయించడం 2,500. అన్నీ కలిపి 31,900. ముప్పై ఎనిమిది ఇళ్లకు పంచితే నెలకు ఇంటికి దగ్గర దగ్గర 70 డాలర్లు. గొణుక్కుంటూనే అందరం 70కి ఒప్పుకున్నాం.

మరుసటి ఏడాది మేం పిలిపించిన ఇంజనీర్ ఇంకో కాగితం ఇచ్చాడు. "ఇది నడపడానికి అయ్యే ఖర్చు మాత్రమే. అరిగిపోయేవాటి సంగతి ఇందులో లేదు" అన్నాడు. ఇళ్ల దగ్గరి పంపులు పన్నెండేళ్లకు మార్చాలి, మొత్తం 45,600 డాలర్లు, అంటే ఏడాదికి 3,800. కంట్రోల్ ప్యానెల్, పెద్ద పంపులు పదహారేళ్లకు 40,000, ఏడాదికి 2,500. ఫిల్టర్‌లో ఇసుక ఇరవై ఏళ్లకు 90,000, ఏడాదికి 4,500. డ్రిప్ ఫీల్డు పాతికేళ్లకు 1,80,000, ఏడాదికి 7,200. కూడితే ఏడాదికి 18,000. ఇంటికి నెలకు 40 డాలర్లు. అంటే నిజమైన ఫీజు 70 కాదు, 110.

ఆ మీటింగులో లేచి నిలబడి వద్దన్నవాణ్ణి నేనే. "పైపులు బాగానే ఉన్నాయి కదా, పాడైనప్పుడు చూసుకుందాం. మన డబ్బు మన దగ్గరే ఉండనివ్వండి" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకు బాగా నచ్చాయి. ఆరేళ్ల పాటు ప్రతి వార్షిక సమావేశంలోనూ "ఫీజు ఒక్క డాలర్ కూడా పెంచలేదు" అని గర్వంగా చెప్పుకున్నాను. ప్రతిసారీ చప్పట్లే.

ఫీజు పెంచకుండా ఎలా నెట్టుకొచ్చానో కూడా చెప్పాలి. ఆపరేటర్ కాంట్రాక్టు పెరిగింది, కరెంటు పెరిగింది. అప్పుడు నేను కోత పెట్టింది దేనికో తెలుసా? మడ్డి తీయించడానికి. ఏడాదికి ఎనిమిది ట్యాంకులు తీయించాల్సింది మూడుకు తగ్గించాను, ఒక ఏడాది అసలు తీయించనేలేదు. పుస్తకంలో అది పొదుపు కింద కనిపించింది.

2019 ఫిబ్రవరి

2018 సెప్టెంబరులో ఫ్లోరెన్స్ తుఫాను వచ్చింది. ఆ చలికాలం కూడా వానలు తగ్గలేదు. ఫిబ్రవరిలో ఒక ఉదయం వాకింగ్‌కి వెళ్లినాయన ఫోన్ చేశాడు. డ్రిప్ ఫీల్డు మీద నీళ్లు నిలిచాయి, వాసన వస్తోంది అని. నింద వాన మీద వేశాం. వాన వెలిసి పది రోజులైనా నీళ్లు ఇంకలేదు. కౌంటీ ఆరోగ్య శాఖ నుంచి నోటీసు వచ్చింది. నేలలోకి ఒక్క చుక్క వదలడానికి వీల్లేదు, ట్యాంకర్లతో తోడించి పంపించండి అని.

రోజుకు 8,000 గ్యాలన్లు. గ్యాలన్‌కు 20 సెంట్లు. రోజుకు 1,600 డాలర్లు. సగం ఫీల్డునైనా బాగు చేసుకుని మళ్లీ నీళ్లు వదిలేసరికి 23 రోజులు పట్టింది. 36,800 డాలర్లు ట్యాంకర్లకే పోయాయి. కొత్త డ్రిప్ ఫీల్డుకు, ఫిల్టర్ రిపేరుకు ఇంకో 2,10,000. ఇంటికి 6,500 డాలర్ల చొప్పున ప్రత్యేక చందా వేశాం. పాతికేళ్లు రావాల్సిన ఫీల్డు పద్నాలుగేళ్లకే పోయింది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాం.

డబ్బు ఉన్నవాళ్లు కట్టేశారు. మా వీధి చివర ఒక పెద్దావిడ ఒంటరిగా ఉండేది, స్కూల్ బస్సు నడిపి రిటైరైన మనిషి. నెలనెలా వచ్చే పెన్షన్ తప్ప ఆమెకు ఇంకేం లేదు. నోటీసు కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. అరుస్తుందేమో అనుకున్నాను. అరవలేదు. "అంతా బాగానే ఉందని ప్రతి ఏడాదీ మీరే చెప్పారు కదా" అని అడిగింది, అంతే. నా దగ్గర జవాబు లేదు. నెలకు 40 డాలర్లు ఎక్కువ కట్టమని ఆరేళ్ల ముందు అడిగి ఉంటే ఆమె సర్దుకునేది. ఒక్కసారిగా 6,500 సర్దుకోలేకపోయింది. హెచ్.ఓ.ఏ. బ్యాంకు నుంచి అప్పు తెచ్చి ఆమెలాంటి తొమ్మిది ఇళ్లకు వాయిదాలు పెట్టింది. వడ్డీ కూడా వాళ్లే కట్టారు.

మన తెలుగువాళ్ల కుటుంబం ఒకటి అప్పుడే టెక్సాస్‌లో ఉద్యోగం వచ్చి ఇల్లు అమ్మకానికి పెట్టింది. కొనడానికి వచ్చినవాళ్లు కౌంటీ నోటీసు చూసి వెనక్కి తగ్గారు. ఇక్కడ లోను, అక్కడ అద్దె, అయిదు నెలలు రెండూ కట్టుకున్నారు. వాళ్లు ఫీజు పెంచవద్దన్న మీటింగుకు కూడా రాలేదు. ఆ ఇల్లు కొన్నదే తర్వాత.

నెలకు 40 చొప్పున ఆరేళ్లు దాచి ఉంటే 1,09,440 డాలర్లు ఉండేవి. అయిన ఖర్చులో దాదాపు సగం. అంతకంటే ముఖ్యం, మడ్డి సమయానికి తీయించి ఉంటే ఆ ఫీల్డు అప్పుడే పోయేది కాదు.

చదవని రిపోర్టులు

డబ్బు కంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి ఉంది. గొడవ అంతా అయ్యాక ఒక రాత్రి ఆపరేటర్ నెలవారీ రిపోర్టుల ఫైలు తెరిచాను. ప్రతి నెలా రెండు పేజీలు పంపేవాడు. నేను రెండో పేజీ చూసేవాణ్ణి, ఎందుకంటే బిల్లు అక్కడ ఉంటుంది. మొదటి పేజీలో పంతొమ్మిది నెలల ముందు నుంచి ఒకటే రాస్తున్నాడు: మూడో జోన్‌లో నేల మెత్తబడింది, ట్యాంకులు తీయించండి. మొదట మామూలు అక్షరాల్లో రాశాడు. చివరి నాలుగు నెలలు కింద గీత కూడా గీశాడు.

ఆయన పేరు నాకు బిల్లు మీద చూసి తెలుసు. మనిషిని చూసింది మాత్రం నీళ్లు నిలిచాకే. ఎందుకు? నిజం చెప్పాలంటే, మురుగు పని చేసే మనిషితో మనకేం మాట అనుకోవడం మనం ఇక్కడికి రాకముందే నేర్చుకుని వచ్చాం. మన దేశంలో సెప్టిక్ ట్యాంకుల్లోకి మనుషుల్ని దింపడం, లోపలి విషవాయువుకు వాళ్లు చనిపోవడం మనకు తెలియనిది కాదు. దాన్ని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. అలా చనిపోయినవారి కుటుంబాలకు పది లక్షల పరిహారం ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో దాన్ని ముప్పై లక్షలు చేసింది. చావులు మాత్రం ఆగలేదు. ఈ పని మీద జీవితమంతా పోరాడి 2016లో మెగసెసే అవార్డు అందుకున్న బెజవాడ విల్సన్ మన తెలుగు కుటుంబంలో పుట్టినవారే. ఇక్కడ మనుషులు ట్యాంకులోకి దిగరు, యంత్రాలు తోడతాయి. కానీ ఆ పనిని చూడకుండా మొహం తిప్పుకునే అలవాటు నాలో అలాగే ఉండిపోయింది. ఆ అలవాటు ఖరీదు మా కమ్యూనిటీకి రెండున్నర లక్షల డాలర్లు.

మన పెద్దలకు తెలిసిన సంగతే

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మనకొక సామెత ఉంది. అందరిదీ అయినది ఎవరిదీ కాకుండా పోతుందని మన పెద్దలు గమనించే ఉన్నారు. గమనించి ఊరుకోలేదు, దానికి ఏర్పాటు కూడా చేశారు. ఊరి చెరువు ఉంటే నీళ్లు వదిలేందుకు ఒక మనిషి ఉండేవాడు. రాయలసీమలో నీరుగంటి అంటారు, తెలంగాణలో నీరటికాడు అంటారు. ఎవరి పొలానికి ఎప్పుడు నీళ్లు పోవాలో ఆయన చెప్పిందే మాట. పంట వచ్చాక ఆయకట్టు రైతులు ఆయనకు గింజలు కొలిచేవారు. మన ఆపరేటర్ కాంట్రాక్టు అదే కదా!

చెరువు కట్ట బాగుకు దశబంధం అని మాన్యాలు ఉండేవి. ఆ భూమి అనుభవించేవాడు కట్టను, తూమును చూసుకోవాలి. కట్ట తెగినప్పుడు చందాలు వసూలు చేద్దాం అనుకోలేదు, కట్ట బాగున్నప్పుడే దాని పేరు మీద రాబడి రాసిపెట్టారు. తిరుమల సంగతి చూడండి. విజయనగర కాలంలో భక్తులు నైవేద్యాల కోసం ఇచ్చిన సొమ్మును దేవస్థానం వారు గుడి గ్రామాల్లో చెరువులు, కాలవలు తవ్వించడానికి పెట్టేవారని శాసనాలు చెబుతున్నాయి. పెరిగిన పంట రాబడితో నైవేద్యం ఏటేటా జరిగేది. మన గుడి సంప్రదాయంలో నీటి ఏర్పాటు చిన్న విషయం కాదు, నైవేద్యం దాని మీదే నడిచింది.

మన గుడి సంగతి

మన సెప్టిక్ వ్యవస్థను ఆదివారం రెండు వందల మంది వస్తారన్న అంచనాతో కట్టారు. ఉగాదికి, శివరాత్రికి, నవరాత్రులకు పన్నెండు వందలు దాటుతున్నాం. అందరికీ అన్నదానం చేస్తున్నాం. సంతోషమే. కానీ వారం రోజుల నీళ్లు ఆరు గంటల్లో ఆ నేల మీద పడుతున్నాయి.

ఇప్పుడు నేను చెప్పే లెక్కను దయచేసి అపార్థం చేసుకోవద్దు. మురికి ఎంత బలంగా ఉందో కొలవడానికి బి.ఓ.డి. అని ఒక కొలత ఉంది. ఆ మురికిని సూక్ష్మజీవులు తినాలంటే ఎంత ఆక్సిజన్ కావాలి అన్నదే ఆ లెక్క. ఒక మనిషి రోజంతా వదిలే మురుగుకు సుమారు 60 గ్రాములు. ఒక లీటరు పాలకు దగ్గర దగ్గర 100 గ్రాములు. అంటే మనం పవిత్రంగా చూసే పాలు డ్రెయిన్‌లోకి వెళ్తే, ఆ నేలకు మామూలు మురుగు కంటే కొన్ని వందల రెట్లు ఘాటైన పదార్థం. శివరాత్రి నాడు వంద లీటర్ల పాలు అభిషేకం చేసి డ్రెయిన్‌లోకి వదిలితే అది నూట అరవై మందికి పైగా మనుషులు రోజంతా వదిలే మురుగుతో సమానం. పెరుగు, తేనె, నెయ్యి ఇందులో కలపలేదు.

అభిషేకం మానమని ఎవరూ అనడం లేదు. ఈ విషయం అర్చక స్వాములతో మాట్లాడాను. స్వామికి సమర్పించడానికి పరిమాణం కాదు, శ్రద్ధ ముఖ్యం అన్నారు. కొద్దిపాటి పాలతో అభిషేకం చేసి, భక్తులు తెచ్చిన మిగతా సీసాలు మూత తీయకుండానే నివేదించి పాయసానికీ, ఊళ్లో ఉన్న ఫుడ్ ప్యాంట్రీకీ ఇద్దామన్నారు. అభిషేకం చేసిన పాలు సోమసూత్రం దగ్గర పాత్రలో పట్టి విడిగా తీసుకువెళ్తారు. డ్రెయిన్‌లోకి పోవు. స్వాములకు నా కృతజ్ఞతలు.

వంటగది సేవ చేసే అమ్మలకు, అన్నయ్యలకు ఒక మాట. గారెలు వేయించిన నూనె, పులిహోర పోపు గిన్నెలు, సాంబారు అడుగు, గంజి, చింతపండు పిప్పి సింకులోకి వద్దు. గిన్నెను ముందు కాగితంతో తుడిచి చెత్తలో వేసి తర్వాత కడగండి. వేడినీళ్లు పోస్తే నూనె పోతుంది అనుకుంటాం. పోదు. ముందుకు వెళ్లి చల్లబడి గడ్డ కడుతుంది. గ్రీజ్ ట్రాప్ ఉన్నది నిజమే, కానీ దాన్ని ఖాళీ చేయించకపోతే అది ఉన్నా లేనట్టే. ఇక పిల్లల తల్లులకు: తడి వైప్స్ ప్యాకెట్ మీద ఫ్లష్ చేయవచ్చు అని రాసి ఉన్నా చేయకండి. అవి కరగవు, పంపులకు చుట్టుకుంటాయి.

ప్రతిపాదన, ప్రశ్నలు

కార్యవర్గం మీ ముందు పెట్టింది ఇది. కుటుంబానికి ఏడాదికి 60 డాలర్లు, అంటే నెలకు అయిదు. 250 కుటుంబాలకు ఏడాదికి 15,000. ఆ సొమ్ము విడి ఖాతాలో ఉంటుంది. ముందుగా పండుగ రోజు నీటిని నిలవచేసి వారం పొడవునా కొద్దికొద్దిగా నేలకు వదిలే ట్యాంకు కొనాలి. తర్వాత పంపులకు, చివరికి ఫీల్డుకు. పెద్ద పండుగలకు బయట అద్దె టాయిలెట్లు పెట్టించాలి.

నన్ను చాలామంది అడిగిన ప్రశ్నలకు నాకు తెలిసినంతలో చెబుతాను.

"సిటీ సూవర్ వస్తుందంటున్నారుగా, అప్పటిదాకా ఆగలేమా?" మా కమ్యూనిటీలో కూడా ఈ మాటే అన్నాం. వచ్చినా అది ఉచితంగా రాదు. రోడ్డు దాకా లైను, కనెక్షన్ ఫీజు మనమే పెట్టుకోవాలి. అప్పుడు ఈ నిధే పనికొస్తుంది.

"ప్రభుత్వ గ్రాంటు రాదా?" 1987 తర్వాత ఈ దేశంలో మురుగునీటి పథకాలకు ఫెడరల్ సాయం ఎక్కువగా రాష్ట్రాల రివాల్వింగ్ ఫండ్ ద్వారా అప్పుల రూపంలో వస్తోంది. పల్లె ప్రాంతాలకు వ్యవసాయ శాఖ అప్పులు, గ్రాంట్లు కూడా ఉన్నాయి. అవి ప్రధానంగా ఊళ్లకు, జిల్లాలకు, పల్లెకు నీటి సేవలందించే సంస్థలకు ఉద్దేశించినవి. మా లాంటి హెచ్.ఓ.ఏ. అడిగితే చేతికి అందలేదు. అడుగుదాం, కానీ అది వస్తుందన్న ధైర్యంతో కూర్చోవద్దు. అప్పు ఇచ్చేవాడు కూడా ముందు అడిగేది, మీ ఫీజు ఎంత, మీ నిధి ఎంత అనే.

"డబ్బు ఊరికే ఖాతాలో ఉంటే ఇంకో పనికి వాడేస్తారు." న్యాయమైన భయం. అందుకే ప్రతిపాదనలో ఒక నిబంధన రాశాం. మూడింట రెండు వంతుల సభ్యుల ఓటు లేకుండా ఇంకో పనికి ఒక్క డాలర్ కూడా కదలదు. ఆపరేటర్ రిపోర్టు మొదటి పేజీ, రెండో పేజీ కాదు మొదటి పేజీ, ప్రతి మూడు నెలలకు ఈ పత్రికలోనూ నోటీసు బోర్డు మీదా వస్తుంది. మీటింగులకు ఆపరేటర్‌ని పిలిచి, మన పక్కన కూర్చోబెట్టి భోజనం పెడతాం.

"ఒక పెద్ద దాత దొరికితే సరిపోతుంది కదా?" గోపురానికి దాతలు దొరుకుతారు. ధ్వజస్తంభానికి దొరుకుతారు. వంటగది ఫ్రిజ్ మీద కూడా పేరు రాయించుకున్నాం. సెప్టిక్ ట్యాంకు మూత మీద పేరు చెక్కించుకుంటానని ఇంతవరకు ఎవరూ రాలేదు. ఎవరైనా ఉంటే ఇప్పుడే చెయ్యెత్తండి... లేరు కదా. అందుకే అందరం తలా కాస్త వేసుకోవాలి.

ఒకరు ఇంకో మాట అన్నారు. "మేం పెద్దవాళ్లం, పాతికేళ్లకు పాడయ్యేదానికి మేమెందుకు కట్టాలి?" దానికి నా జవాబు ఇది. ఈ రోజు మనం కడుతున్నది రేపు పాడయ్యేదానికి కాదు, ఈ రోజు మనం అరగదీస్తున్నదానికి. ప్రతి పండుగకూ ఆ నేల కొంత అరుగుతోంది. అరిగినంత మనం కట్టకపోతే, మన తర్వాత వచ్చేవాళ్ల పేరు మీద అప్పు రాస్తున్నట్టే. వాళ్లను అడగకుండా, వాళ్ల సంతకం లేకుండా. మా వీధి చివరి పెద్దావిడకు నేను చేసింది సరిగ్గా అదే.

మా కమ్యూనిటీలో ఇప్పుడు ఫీజు 118 డాలర్లు. బిల్లు మీద రెండు లైన్లు ఉంటాయి. నడపడానికి ఇంత, అరిగినదానికి ఇంత. మూడేళ్లకోసారి ఇంజనీర్ వచ్చి లెక్క సరిచూస్తాడు. ప్రతి మార్చిలో ఒక శనివారం ఊళ్లో అందరం ఆపరేటర్‌తో కలిసి ఫీల్డు మీద నడుస్తాం, మూడో జోన్ దాకా. గడ్డి పొడిగా ఉంటే అందరికీ మనసు తేలికవుతుంది. ఆ పెద్దావిడ కూడా వచ్చేది. పోయిన ఏడాది ఇల్లు అమ్మి కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. మంచి ధరకే అమ్ముడైంది. వెళ్లే ముందు నాతో, "ఈసారి నిజంగానే బాగుంది" అంది. ఆ మాట వినడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

వచ్చే సమావేశానికి దయచేసి అందరూ రండి, ఓటు వేయండి. ప్రతిపాదనకు ఒప్పుకోకపోయినా రండి, వచ్చి ప్రశ్నలు అడగండి. నేను చప్పట్లు కొట్టించుకుని వద్దనిపించిన మీటింగుకు 38 ఇళ్లలో పదకొండు ఇళ్లే వచ్చాయి. మిగతా ఇరవై ఏడు ఇళ్లూ ఆ నిర్ణయానికి డబ్బు కట్టాయి.

 భోజనాలకు పిలుస్తున్నారు. గిన్నెలు కడిగే ముందు తుడవడం మర్చిపోకండి.